చెర్రీకి కట్టిన అంటు

జపాన్‌లో వెయ్యేళ్లు దాటిన అడవి చెర్రీ చెట్లున్నాయి. ఆ రకాన్ని ఎడో హిగన్ అంటారు. చలికాలం పోయి పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో, ఇంకా ఆకు కూడా వేయకముందే పూస్తుందట. కొమ్మలు నేలకు వేలాడే రకం, ముద్దపూల రకం, ఇంకా మనుషులు ముచ్చటపడి పెంచుకునే రకాలు చాలా దాన్నుంచి వచ్చినవే. ఇదంతా నాకెందుకు తెలుసంటే, నేను కర్నూలులో ఒక కాలేజీలో బాటనీ చెబుతాను. తెలిసినదాంట్లో ఒక్క ముక్క దాచి, మా నాయన పేరు మట్టిలో కలిపింది కూడా నేనే.

మా నాయన మైదుకూరు చుట్టుపక్కల తోటల్లో మామిడికి అంటు కట్టేవాడు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ ఎవరో ఒకరి తోటకి. వానలు మొదలైతే ఇక ఇంట్లో కనిపించేవాడు కాదు, అంటుకు అదే అదను. టెంక మొక్క తల కోసి, మంచి చెట్టు పుల్లను చెక్కి అందులో దూర్చి, పట్టీ చుట్టేవాడు. ఆయన కట్టింది పట్టకపోవడం అరుదు. రైతులు దాన్ని పనితనం అనేవాళ్లు కాదు, చేతి చలవ అనేవాళ్లు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నలభై ఏళ్లు కత్తి పట్టి వేళ్లు కాయలు కాసిన మనిషికి ఏదో పుట్టుకతో కలిసొచ్చినట్టు మాట్లాడతారేమిటి? కానీ ఆ చలవ పేరు మీదే మా ఊరి పెద్ద ఆసామి తన వసారాలో ఆయనకు కుర్చీ వేయించేవాడు. మా వాళ్లలో ఆ వసారాలో కుర్చీ మీద కూర్చున్నవాడు ఇంకొకడు లేడు. అందుకని నేనూ నోరు మూసుకునేదాన్ని.

ఆసామి తోటలు తగ్గించి వ్యాపారాల్లో దిగాడు. కడప రోడ్డు మీద ఫంక్షన్ హాలు కడుతున్న రోజుల్లో కుటుంబంతో జపాన్ పోయి వచ్చాడు. సెలవుకు ఊరికెళితే నన్ను పిలిపించి, ఫోన్లో ఫొటో చూపించాడు. గుడి ముందు గులాబీ రంగు కొమ్మలు నేల దాకా జారిన పెద్ద చెట్టు.

"ఏమ్మా మేడం, పెద్ద సదువులు సదివినావు. హాలు ముందర ఇది పెట్టాలని ఉండాది. ఈడ పెరుగుతాదా?"

ఒక రోజు గడువడిగి చదివాను. మర్నాడు పోయి అడవి రకం, పెంపుడు రకాలు, వాటి ఆయుష్షు, అన్నీ గడగడా ఒప్పజెప్పాను. "అడవి మొక్క మీద అంటు కట్టి పెంచుతారు సార్. అంటు అంటే మా నాయన్ని మించినోళ్లు యాడుండారు?" అన్నాను. చదివినదాంట్లో ఇంకొకటుంది. ఆ చెట్టుకు చలికాలమంతా గట్టి చలి తగలాలి, మన ఎండకు నిలవదు. అది మాత్రం చెప్పలేదు. ఆసామి నలుగురి ముందు నన్ను మేడం అన్నాడు. ఇంకో నాలుగు రోజులు అనిపించుకోవాలనిపించింది. ఇంతకు మించి కారణమేమీ లేదు.

"అది సలి దేశం చెట్టు గదమ్మా, ఈడ బతుకుతాదా?" అని నాయన అడిగాడు.

"నీకెందుకు నాయనా, నేను సదివినా కదా. నువ్వు అంటు కట్టు సాలు" అన్నాను.

జనవరిలో ఉత్తరాదిన ఎక్కడో కొండల మీది నర్సరీ నుంచి పన్నెండు అడవి చెర్రీ మొక్కలు, తడి గోనెపట్టాలో చుట్టిన పుల్లలు వచ్చాయి. నాయన ఎప్పుడూ ముట్టని చెట్టు అది. రెండు పుల్లలు వృథా చేసుకుని బెరడు ఎంత మందమో చూసుకున్నాడు. ఆ తర్వాత పన్నెండూ కట్టాడు. పదకొండు పట్టాయి. నెల తిరక్కముందే ఒక పుల్లకు నాలుగు పూలు విచ్చుకున్నాయి. "పూసిందమ్మా!" అని ఫోన్లో అరిచాడు. ఆ మొగ్గలు కొండల మీదే కట్టాయని, అక్కడి చలి తినే ఇక్కడ విచ్చుకున్నాయని నాకు తెలుసు. "చూసినావా నాయనా, నేను చెప్పలా!" అన్నాను. నా సిగ్గులేనితనానికి హద్దు లేదు.

మొక్కలు హాలు ముందు గుంతల్లోకి చేరాయి. రాయలసీమలో తొలి చెర్రీ వనమని ఫ్లెక్సీ కట్టారు. ఏప్రిల్ వచ్చింది. నాయన పచ్చ వల కప్పాడు, రెండు పూటలా నీళ్లు పోశాడు, మధ్యాహ్నాలు అక్కడే కూర్చున్నాడు. ఆకులు అంచుల నుంచి మాడుతూ వచ్చాయి. మే నెలలో హాలు తెరిచే రోజుకు పదకొండు ఎండు పుల్లలు మిగిలాయి.

ఆ రోజు వచ్చిన రైతుల ముందు ఆసామి నవ్వుతూనే అన్నాడు: "ఏమప్పా, నీ సేతి సలవ పోయినట్టుండాదే." తర్వాత నావైపు తిరిగాడు. "మేడం చెప్పాల. తప్పు చెట్టుదా, అంటుదా?"

నాయన నావైపు చూశాడు. చెట్టుదంటే, ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతారు.

"అంటు సరిగ్గా అతక్కపోతే ఇట్లే అయితాది సార్" అన్నాను.

నాయన తల వంచుకున్నాడు. భోజనాలప్పుడు నేను ఒక్కదాన్నే ఆ పుల్లల దగ్గరికి పోయి, ఒకదాన్ని పీకి విరిచి చూశాను. అతుకు దగ్గర విరగలేదు, జానెడు పైన విరిగింది. అతుకు ఎముకలా గట్టిగా ఉంది. గోడ అవతల పారేసి వచ్చి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాను.

ఆ వానలకు నాయన ఏ తోటకూ పోలేదు, ఆ తర్వాతి ఏళ్లలోనూ అంతే. ఎవరూ పిలవడం లేదనుకున్నాను. ఆసామి మీద, రైతుల మీద లోలోపల మండిపడ్డాను కూడా. ఒకరి మీద కోపం పెట్టుకుంటే మనల్ని మనం చూసుకునే పని తప్పుతుంది.

మొన్న మా బంధువుల పెళ్లి విందు ఆ హాల్లోనే జరిగింది. గుంతలున్న చోట ఇప్పుడు ప్లాస్టిక్ చెర్రీ చెట్టు నిలబెట్టారు. దానికి లైట్లు. జనం వరసకట్టి సెల్ఫీలు దిగుతున్నారు. నాయన తిని వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. నాకిక ఆగలేదు.

"నాయనా, ఈడ బతకదని నాకు అప్పుడే తెలుసు."

"నేనూ అనుకుంటిలేమ్మా" అన్నాడు తేలిగ్గా.

"నా వల్ల నిన్ను ఎవరూ పిలవకుండా పోయినారు."

"పిలవకేమి? శానామంది పిలిచిరి. నేనే పోలేదు. సదువుకున్న బిడ్డవి, నువ్వే అంటు అతకలేదంటివి గదా. నా సెయ్యి సెడిందని నాకు తెలీకపాయె, ఇంగ పరాయోళ్ల మొక్కలు పాడు సేసేదెందుకని కత్తి లోపల పెట్టేస్తి."

"అంటు అతికింది నాయనా. నేను విరిచి చూసినా."

"ఎప్పుడు?"

"ఆ పొద్దే."

ఆయన నావైపు చూడలేదు. ఎదురుగా ఎవరో పిల్ల ప్లాస్టిక్ కొమ్మ పట్టుకుని ఫొటో దిగుతోంది, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఊళ్లో బస్సు దిగాక, నడుస్తూ నడుస్తూ ఆగాడు.

"నాలుగు వానాకాలాలమ్మా" అన్నాడు.