నాలుగో బోరులో పోసిన గ్రావెల్

భూమి అడుగున నీళ్ళు నడిచే దారులను ఎరిగిన ప్రభువుకు ముందుగా స్తోత్రం. ఆయన కనికరం లేకపోతే ఈ సంగతి ఇంత నిమ్మళంగా రాసేవాడిని కాను.

రిటైర్మెంటుకు ముందటి వేసవిలో, ఇంజనీరింగ్ శాఖలో డీఈ హోదాలో ఉన్న నన్ను అనకాపల్లి నుంచి రాజయ్యపేట దాటాక వచ్చే ఒక తీరగ్రామంలోని హైస్కూలు పనికి వేశారు. తరగతి గదుల వేడిని పైపుల్లో తిరిగే నీటితో భూమిలోకి పంపి, గదులను చల్లబరిచే ఏర్పాటు అది. అందుకు ఆరు లోతైన బోర్లు వేసి, పైపులు దించి, చుట్టూ బెంటొనైట్ అనే బంకమట్టి ముద్దను అడుగు నుంచి నింపుకుంటూ రావాలి. అక్కడ పైపొరలో మంచినీళ్ళు, కింద ఉప్పునీళ్ళు. బోరు మూయకపోతే రెండూ కలుస్తాయి. బడి గోడ అవతలే ఊరంతా తాగే నుయ్యి.

మూడు బోర్లు నా ఎదుటే మూశారు. నాలుగోది మూసే పని ఆదివారం పడింది. బంకమట్టితో మూయమని బోరు మేస్త్రీ అప్పలరాజుకు నోటిమాటగా చెప్పి నేను ఆరాధనకు వెళ్ళిపోయాను.

సోమవారం పొద్దున్న చూస్తే బెంటొనైట్ బస్తాలు విప్పలేదు. పక్కనున్న గ్రావెల్ గులకరాళ్ళ కుప్ప తరిగింది. గులకరాళ్ళ సందుల్లోంచి ఉప్పునీళ్ళు పైకి ఎక్కుతాయి.

"ఇరవై ఏళ్ళనుంచి బోర్లేత్తన్నాను సార్. నీళ్ళు పడ్డ బోరుకి ఎవడైనా మట్టెడతాడేటి? గ్రావెలేసేను," అన్నాడు అప్పలరాజు, మంచిపని చేసినవాడిలా.

నూతినీటిలో ఉప్పు కొలిచే మీటరు పెట్టాను. ఉప్పు శనివారం కంటే ఎక్కువ చూపింది. తోడినకొద్దీ కిందిది పైకి వస్తుంది, ఉప్పు తగ్గేదాకా ఎవరూ తోడవద్దని చెప్పి, తాగడానికి ట్యాంకరు నీళ్ళు తెప్పించాను. బిందెతో వచ్చిన నూకరత్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"పిల్లలకి సల్లగాలి, మాకు ఉప్పునీళ్ళా బాబూ?"

అంటూనే చేంతాడు చుట్టి చంకన పెట్టుకుని నూతి గట్టు మీద కూర్చుంది. ఆ రోజు ఆమెను దాటి ఒక్క చేద కూడా దిగలేదు.

దించిన పైపు పోతే పోయిందని పైకి లాగించాం. కంప్రెసర్ గాలితో గ్రావెల్ వెళ్ళగొట్టించాం. గంటగంటకూ మీటరు చూస్తున్నాను. మధ్యాహ్నం వరకు అంకె పెరుగుతూనే ఉంది. అప్పలరాజు అన్నం ముట్టలేదు. పొద్దు వాలేవేళకు బంకమట్టి ముద్ద బోరు మూతిదాకా వచ్చింది. మర్నాడు అంకె పెరగలేదు. వారానికి పాత అంకెకు దిగింది. అప్పుడు గానీ నూకరత్నమ్మ చేంతాడు ఇవ్వలేదు.

సైటు రిజిస్టరులో తప్పు నా పేరునే రాశాను. అప్పలరాజు తనకు తెలిసిన పని చేశాడు. నేను ఆరాధనకు వెళ్ళడం తప్పు కాదు, పని ఆపించకుండా వెళ్ళడం తప్పు. పూడ్చేశాక కనిపించని పనికి, పూడ్చేటప్పుడే ఎదుట నిలబడాలి. మిగతా రెండు బోర్లూ అలాగే మూయించాను.

చదివిన మీరు నాతో కలిసి ఒక్కమాట ప్రార్థించండి: ప్రభువా, మా కంటికి కనబడని చోట మా చేతిపనిని నీవు చూడు, మేము చూడవలసినది చూడకుండా మమ్మల్ని వెళ్ళనివ్వకు. ఆమేన్.