మామిడి తోటలో ఉన్న పిల్లకు గైర్హాజరు

1973 జూన్‌లో నేను టీచర్‌గా చేరాను. పటాన్‌చెరు దాటాక లక్డారం వెళ్ళే దారిలో ఒక ప్రైవేటు కమిటీ నడిపే ప్రాథమిక పాఠశాల అది. నాలుగు గదులు, పైన రేకులు. పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, సగం మంది దగ్గర్లోని ఫ్యాక్టరీ ప్లాంటులో పనికోసం కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్ళు. రోజూ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చి, మూడో తరగతికీ ఐదో తరగతికీ పాఠాలు చెప్పేదాన్ని. పిల్లల ముందు గొంతు బాగానే లేచేది. పెద్దవాళ్ళు నలుగురు కూర్చున్నచోట మాత్రం నోరు పెగిలేది కాదు. చెప్పలేనివన్నీ ఇంటికెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని.

ఆ ఏడే మా హెడ్మాస్టరు సుబ్బారావుగారు ఒక కొత్త పద్ధతి తలపెట్టారు. వేసవిలో ఏడు వారాల సెలవులు ఉండవు. వాటిని ముక్కలు చేసి, మూడు నెలలకొకసారి పన్నెండు రోజుల చొప్పున ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో ఒంటిపూట బడి, అంటే పొద్దున్న ఏడు నుంచి పదిన్నర దాకా. వార్షిక పరీక్షలు మే ఆఖరున. జూన్ మొదటి పక్షంలో సెలవులు. కమిటీవాళ్ళు ఒక్క ఏడాదికి ప్రయోగంగా ఒప్పుకున్నారు.

ఆయన ఈ ఆలోచన ఊరికే చేయలేదు. "ఏప్రిల్ దాకా నేర్పింది జూన్‌కల్లా ఆవిరైపోతోందమ్మా. ప్రతి ఏడూ ఆగస్టు దాకా పాత పాఠాలే దున్నుకోవాల్సొస్తోంది" అన్నారు సమావేశంలో. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కుర్రదానివి, కొత్తగా చదువుకొచ్చావు. నీ అభిప్రాయం ఏంటి?" అని అడిగారు.

"బాగానే ఉంటుంది సార్" అన్నాను.

ఆ రాత్రి డైరీలో రాసింది వేరు. పేజీకి నడుమ గీత గీసి ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు రాశాను. మరిచిపోరు, మధ్యలో మానేసేవాళ్ళు తగ్గుతారు అని ఎడమవైపు. రేకుల వేడి, బావిలో నీళ్ళు అడుగంటడం, ఎండాకాలం పనులకు పోయే కుటుంబాలు అని కుడివైపు. ఏది బరువో తేల్చుకోలేక కింద పెద్ద ప్రశ్నార్థకం వేసి పడుకున్నాను.

ఒక విషయంలో ఆయన మాటే నిజమనిపించింది. మూడో తరగతిలో షాహీన్ అనే అమ్మాయికి ఏటా జూన్‌లో ఒత్తులు కొత్తగా నేర్పాల్సి వచ్చేదట. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. తెలుగు అక్షరం బడిలో తప్ప ఆమె కంట పడదు. ఆ ఏడు మాత్రం మే నెలలో, ఒక చేత్తో చెమట తుడుచుకుంటూ, పాఠం మొత్తం ఎక్కడా ఆగకుండా చదివింది. ఆ రోజు ఎడమవైపు గడిలో ఆమె పేరు రాసుకున్నాను.

కుడివైపు గడిలోకి ఎక్కాల్సిన పేరు యాదమ్మ.

యాదమ్మ ఐదో తరగతి. వాళ్ళమ్మ బాలమ్మ కూలి చేసుకునే మనిషి. భర్త లేడు. ఏటా ఏప్రిల్ ఆఖరున తల్లీబిడ్డలు కంది ఊరి వైపు ఒక మామిడి తోటలో కాపలాకు పోయి, కాయ తెంపడం అయ్యేదాకా అక్కడే గుడిసెలో ఉంటారు. ఆ ఏడూ ఎప్పటిలాగే బడి వదిలే వేళకు యాదమ్మ నా దగ్గరకొచ్చింది.

"టీచర్, రేపటికెల్లి మేం తోటకు పోతున్నం."

"పరీక్ష ఉంది గదనే. అమ్మకు జెప్పినవా?"

"జెప్పిన. కోతులు తెల్లారకముందే వొస్తయట. ఒక్కదాంతోని గాదంటుంది."

"సరే, జెర జల్దీ రా" అన్నాను. అంతకంటే ఏం అనాలో తోచలేదు. బాలమ్మ దగ్గరకు వెళ్ళి మాట్లాడాలనుకున్నాను, వెళ్ళలేదు. ఆ సాయంత్రం యాదమ్మ మాటల్ని ఉన్నవి ఉన్నట్టు డైరీలో రాసుకున్నాను. దాంతో నా పని అయిపోయినట్టు మనసు తేలికపడింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మే మధ్యలో హెడ్మాస్టరుగారు గుమ్మంలో నిలబడి, "నెలవారీ లెక్క పంపాలి. పదిహేను రోజులు దాటిన పేర్లు కొట్టెయ్యమ్మా" అన్నారు. మా బడిలో నియమం అది. చెప్పకుండా వరుసగా పదిహేను రోజులు రాని పిల్ల పేరుకు అటెండెన్స్ రిజిస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, ఎర్ర సిరాతో అడ్డగీత గీయాలి. నిజానికి ఆ నెల నా తరగతుల్లో సగం బెంచీలు ఖాళీ. ప్లాంటు కుటుంబాల పిల్లలు చాలామంది సొంతూళ్ళకు వెళ్ళారు. కానీ వాళ్ళ నాన్నలు సెలవు చీటీలు రాసిచ్చారు. చీటీ ఉంటే గీత పడదు. బాలమ్మకు చదువు రాదు, కాబట్టి యాదమ్మకు చీటీ లేదు. స్కేలు పెట్టి, ఆమె పేరున్న ఏడో నంబరు మీద గీత గీశాను. సొంతూళ్ళకు వెళ్ళినవాళ్ళు పరీక్షల వేళకు తిరిగొచ్చారు. యాదమ్మ రాలేదు.

జూన్ రెండో వారంలో మా బడికి సెలవులు. ప్రమోషన్ లిస్టు, అంటే పై తరగతికి వెళ్ళేవాళ్ళ పట్టిక, రాయడానికి నేను వచ్చాను. గేటు దగ్గర బాలమ్మ నిలబడి ఉంది. పక్కన యాదమ్మ, తలనిండా నూనె, చేతిలో కడిగిన పలక. చుట్టుపక్కల బడులన్నీ తెరిచే రోజు అదే.

"టీచరమ్మ, గీ తాళమేంది? ఇయ్యాల బడి సురువు గాదా?"

"మనకు సెలవులు బాలమ్మా. ఎండాకాలం బడి నడిచింది గద."

ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది. "ఎండలు కొట్టంగ బడి వెట్టి, సల్లవడ్డంక సెలవులిచ్చిన్రా? ఎవలు జెప్పిన్రమ్మా గీ లెక్క? మీరు సెలవులను జరిపిన్రు. గట్లనే మామిడి కాపును గూడ జరిపి ఉంటె అయిపోతుండె గద!"

నాకూ నవ్వొచ్చింది. మరుక్షణం ఆమె అసలు విషయం చెప్పింది. "పోరికి ఐదు అయినట్టు కాయిదం ఇయ్యిన్రి. పటాన్‌చెరు పెద్ద బడిల ఈ నెలాఖరుకే పేర్లు రాసుకుంటరంట. ఈ యేడు ఎక్కకపోతె ఇగ బడి బందే. నాతోని కైకిలి కూలికి తోల్కపోత. నేనొక్కదాన్ని ఎన్నాళ్ళు ఎల్లదీస్త?"

ఆమె అడిగే కాయిదం టి.సి., అంటే బడి మారేటప్పుడు ఇచ్చే పత్రం. పేరు కొట్టేసిన పిల్లకు, పరీక్ష రాయని పిల్లకు, అది రాదు. గీత గీసింది నేనేనని ఆమెకు చెప్పలేకపోయాను. యాదమ్మ పలకను పొట్టకు ఆనించుకుని నన్నే చూస్తోంది.

లోపలికి వెళ్ళి హెడ్మాస్టరుగారి బల్ల ముందు నిలబడ్డాను.

"సార్, యాదమ్మ పేరు కొట్టేయడం తప్పు. చెప్పే వెళ్ళింది."

"చీటీ ఏదమ్మా?"

"నోటితో చెప్పింది. నేను రాసుకున్నాను." సంచిలోంచి డైరీ తీసి ఆ తేదీ చూపించాను.

ఆయన అది చదివారు. తర్వాత నేను ఆపేలోపే పేజీలు వెనక్కి తిప్పి, నడుమ గీత గీసిన పేజీ దగ్గర ఆగారు. చాలాసేపు చదివి, కళ్ళజోడు తీశారు.

"ఎండాకాలం పనులకు పోయే కుటుంబాలని పోయిన జూన్‌లోనే రాశావు. మరి నాకు బాగానే ఉంటుందని ఎందుకు చెప్పావమ్మా?"

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది.

యాదమ్మను పిలిచి లెక్కలు అడిగారు. గంపకు ఎన్ని కాయలు, బండికి ఎన్ని గంపలు అంటే తడుముకోకుండా చెప్పింది. వాచకం ఇస్తే మాత్రం రెండో వాక్యంలోనే చిక్కుకుపోయింది. మార్చిలో గడగడా చదివిన పాఠమే అది.

"చూశావా? ఆరు వారాల సెలవులు ఏం చేశాయో!" అన్నారు ఆయన, బాధగానే.

"ఆమెకు అవి సెలవులు కావు సార్" అన్నాను.

ఆయన మాటా నిజమే, నా మాటా నిజమే అనిపించి ఏమీ పాలుపోలేదు. చివరకు ఆయనే తేల్చారు. బడి తెరిచాక పిల్లకు విడిగా పరీక్ష పెడతారు. పాసైతే టి.సి. ఇస్తారు. "తప్పితే మాత్రం నేను సంతకం పెట్టను. ముందే చెబుతున్నా."

మిగిలిన సెలవుల్లో రోజూ వచ్చాను. యాదమ్మ ఒళ్ళంతా ఇంకా మామిడి సొన వాసన. మోచేతుల మీద సొనకు కాలిన మచ్చలు. ఒకరోజు వాచకం మూసి, "టీచర్, తోట కాడ నాకు రోజూ గైరాజరు వడ్డదా?" అని అడిగింది. పదిహేను రోజులు పడింది, తర్వాత పేరే లేదని ఎలా చెప్పను? "చదువు" అన్నాను. బడి తెరిచిన రెండో రోజు పరీక్ష రాసి, అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. హెడ్మాస్టరుగారు ఎర్ర గీత పక్కన "పొరపాటు" అని రాసి సంతకం చేశారు. నెలాఖరుకు రెండు రోజులుందనగా బాలమ్మ ఆ కాయిదాన్ని కొంగున కట్టుకుని పటాన్‌చెరు వెళ్ళింది.

మరుసటి ఏడు ఆ పద్ధతి రద్దయింది. ఎండలకు భయపడ్డ తల్లిదండ్రులు కమిటీకి గట్టిగా చెప్పారు. మళ్ళీ ఏడు వారాల సెలవులు వచ్చాయి. తోటలకు పోయే పిల్లలెవరి పేరూ కొట్టేయలేదు. జూన్‌లో షాహీన్ వాచకం తెరిచి, మొదటి ఒత్తు దగ్గర ఆగి, నా వైపు చూసింది. నేను సంతోషించాలో బాధపడాలో ఆ రోజు తెలియలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ, నాలుగేళ్ళు గడిచాక కూడా, తెలియదు.

ఏడాది పొడుగునా బడి మంచిదా చెడ్డదా అని తోటి టీచర్లు అడిగితే నా డైరీలోని రెండు గడులూ గుర్తొస్తాయి. ఏ గడీ కొట్టేయలేను. ఒక్క పని మాత్రం మానలేదు. ఏటా కొత్త రిజిస్టర్ తెరవగానే ప్రతి పిల్లనూ లేపి, "ఎండాకాలం ఏడుంటవ్?" అని అడిగి, పేరు పక్కన పెన్సిల్‌తో రాస్తాను. తోట, ఇటుక బట్టీ, అమ్మమ్మ ఊరు. మొన్న తనిఖీకి వచ్చిన అధికారి ఆ రాతలు చూసి, రిజిస్టర్ పాడు చేస్తున్నావని కసిరారు. లేచి నిలబడ్డాను.

"ఇవి సెలవు చీటీలు సార్" అని చెప్పాను, గదిలో అందరికీ వినపడేలా.