బ్యాకప్ ఉందన్నాను

మా యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో మెట్ల పక్కన ఒక చిన్న గది ఉంది. అందులో నిలువెత్తు ఇనుప ర్యాక్, ఆ ర్యాక్‌లో నాలుగు విభాగాల సర్వర్లు. విడివిడిగా గదులూ ఏసీలూ పెట్టుకునే వీలు లేక అందరూ ఒకే గూట్లో సర్దుకున్నారు. ఆ గూటికి కాపలా నేను. తార్నాకలో ఇంటి దగ్గర స్కూటర్ ఎక్కితే పది నిమిషాల్లో క్యాంపస్‌లో ఉంటాను. రాగానే ఆ గది తలుపు తీయడం, ర్యాక్ వెనక ఖాళీగా ఉన్న సాకెట్‌లో నా ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టి టీకి నీళ్ళు కాచుకోవడం నా దినచర్య.

ఒక వేసవిలో పాత యూపీఎస్ బ్యాటరీలు ఉబ్బిపోయాయి. కొత్తది ఎంచే పని నాకు అప్పజెప్పారు. ఆ పని నాకు ఎంతో ఇష్టమైంది. బరువైన పాతరకం సీసం బ్యాటరీలా, తేలికైన లిథియం బ్యాటరీలా అని మూడు వారాలు బ్రోచర్లు ముందేసుకుని కూర్చున్నాను. ఇంట్లో అన్నం తింటూ కూడా అదే మాట. మా ఆవిడ ఒకరోజు, "పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నన్ను ఇంతసేపు చూడలేదు మీరు," అంది.

బ్యాటరీలు చూడటానికి మెట్టుగూడ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. రైల్వేలో రిటైరైన ఎలక్ట్రీషియన్. రైలుపెట్టెల కింద బ్యాటరీలు చూస్తూ సర్వీసంతా గడిపిన మనిషి. ఆయనకు బ్రోచర్లు చూపించి ఏది మంచిదని అడిగాను.

"ఏదైనా మంచిదే సార్. ఏం మొయ్యాల్నో ముందు చెప్పుండ్రి, ఎవరు మొయ్యాల్నో తర్వాత చెప్త."

"లోడ్ లెక్క వేశానండీ. ప్రతి సర్వర్ మీదా రాసే ఉంటుంది కదా."

"డబ్బా మీద రాసింది డబ్బాది. తీగల ఎంత పారుతున్నదో చూడాలె. పట్టపగలు, అన్నీ నడుస్తున్నప్పుడు ఒక్కసారి మెయిన్ బంద్ చేద్దాం. ఎంతసేపు నిలవడతదో గడియారం పెట్టి చూస్తే అయిపాయె."

"పగలా? నాలుగు విభాగాల వాళ్ళూ నా మీద పడతారు."

"చెప్పి చేద్దాం సార్."

"చూద్దాంలెండి."

"మీ ఇష్టం. కానీ ఒక్క మాట. కాగితం మీద చెప్పినదానికంటే చీకటి జల్దీ అయితది."

ముసలాయన చాదస్తం అనుకున్నాను. మూడు వారాలు బ్రోచర్లకిచ్చిన నేను ర్యాక్ వెనక్కి తొంగిచూడటానికి మూడు నిమిషాలు ఇవ్వలేదు. సీసం బ్యాటరీలదే ఎంచాను. సర్వర్లకు నలభై నిమిషాలు వస్తుందని కాగితంలో ఉంది. కరెంటు పోయినప్పుడు సర్వర్లు వాటంతటవే పద్ధతిగా ఆగిపోయే ఏర్పాటు ఒకటి చేసుకోవాలి. నలభై నిమిషాలున్నాయి కదా, తర్వాత చేసుకోవచ్చులే అనుకున్నాను.

ఆ ర్యాక్‌లో ఒక సర్వర్ భాషాశాస్త్రం వాళ్ళది. దాన్ని ఎక్కువగా వాడేది ఒక మేడమ్. విద్యానగర్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా పనిచేస్తూ మా దగ్గర పీహెచ్‌డీ చేసేది. గోల్నాక వైపు మూసీ ఒడ్డున గడ్డి కోసి పశువుల కొట్టాలకు అమ్మే ఆడవాళ్ళ మాటలు ఆమె రికార్డు చేస్తోంది. మోపు ఎలా కడతారు, తడి గడ్డిని ఏమంటారు, కొడవలి మొండిబారితే ఏమంటారు, ఇవన్నీ వాళ్ళ గొంతుల్లోనే. మూడేళ్ళ ఆదివారాలు దానికే పోయాయి. ఆ మాటలే ఆమె థీసిస్. అవి పోతే థీసిస్ లేదు.

కొత్త యూపీఎస్ బిగించిన రోజు ఆమె వచ్చింది. నేను పాత బ్యాటరీల జాబితా రాసుకుంటున్నాను.

"సార్, నా రికార్డింగులకు బ్యాకప్ ఉన్నట్టేనా?"

"మొత్తం ర్యాక్‌కి ఉంది మేడమ్."

"అయితే నా తాన ఉన్న హార్డ్ డిస్క్…"

"మీకెందుకు మేడమ్ ఆ బాధ? నేనున్నాను కదా," అన్నాను, తల ఎత్తకుండానే.

కరెంటు పనివాళ్ళ నోట బ్యాకప్ అంటే బ్యాటరీ ఎంతసేపు నడుస్తుందన్న లెక్క. కంప్యూటర్ వాళ్ళ నోట బ్యాకప్ అంటే ఇంకోచోట దాచిన కాపీ. ఈ రెండు అర్థాల మధ్య జీతం తీసుకుంటున్నవాణ్ని నేనొక్కణ్నే. ఆమె కాపీ గురించి అడిగింది, నేను బ్యాటరీ గురించి చెప్పాను. ఎదుటివాళ్ళ వాక్యం పూర్తి కాకముందే జవాబిచ్చే అలవాటు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. నిజం చెప్పాలంటే, ఆమె తెలంగాణ యాస వినగానే విషయం చిన్నదే అయ్యుంటుందని నా మనసు తేల్చేసుకునేది కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అదే నిజం. ఆమె ఇంటికి వెళ్ళి హార్డ్ డిస్క్‌లో ఉన్న కాపీలు తీసేసింది, కొత్త రికార్డింగులకు చోటు కోసం.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆ సమయానికి మేడమ్ నా గదిలోనే ఉంది, ఏదో ఫైలు కోసం వచ్చి. ఫ్యాన్లు ఆగాయి, వరండాలోకి జనం వచ్చారు. మా ర్యాక్ మాత్రం పచ్చలైట్లతో మిణుకుమంటూ అలాగే ఉంది. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను.

"చూశారా మేడమ్? చీమ కుట్టినట్టయినా లేదు."

"అబ్బ, మంచిగ పెట్టిచ్చిండ్రు సార్."

"టీ కూడా తాగుదాం, ఉండండి."

"కరెంట్ లేదు కద?"

"మనకుంది!"

కెటిల్‌లో నీళ్ళు మరిగాయి. ఇద్దరం తాగాం. వరండాలో చెమటలు కక్కుతున్నవాళ్ళను కూడా పిలిచి రెండోసారి పెట్టాను, మూడోసారి పెట్టాను. యూపీఎస్ అరవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆ అరుపు మారింది, ఆగకుండా సాగింది.

"ఏంది సార్, గట్ల మొత్తుకుంటున్నది?" అంది మేడమ్.

"బ్యాటరీ మీద నడిచేటప్పుడు అలాగే అరుస్తుందిలెండి."

టక్కుమని ఒక చప్పుడు. లైట్లన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. కరెంటు పోయి పావుగంట కూడా కాలేదు.

కరెంటు వచ్చాక మూడు సర్వర్లు లేచాయి. ఒక్కసారిగా ఆగిన దెబ్బకు నాలుగోది లేవలేదు. అది భాషాశాస్త్రం వాళ్ళది. అందులో ఉన్నది ఒకటే డిస్క్, పాతది. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

"మీ దగ్గర కాపీ ఉంది కదా మేడమ్?" అన్నాను.

ఆమె నా వైపు అర్థం కానట్టు చూసింది. "మీరే అన్నరు కద సార్, బ్యాకప్ ఉన్నదని."

నిందలా అనలేదు. నేను మర్చిపోయానేమోనని గుర్తుచేసినట్టు అంది. గ్లాసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

మర్నాడు మెట్టుగూడ పెద్దాయన వచ్చి ర్యాక్ వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కొక్క తీగా చేత్తో పట్టుకుని చివరిదాకా పోయాడు. ఒక తీగ దగ్గర ఆగాడు.

"గిదేంది సార్?"

"కెటిల్."

"అంటే, సర్వర్ పేరా?"

"కాదండీ. టీ కెటిల్."

పెద్దాయన ఆ తీగ ఊడదీశాడు. "మీ మెషీన్లన్నీ కలిసి ఎంత తింటున్నయో, ఇదొక్కతే అంత తింటది. ఎవరిది?"

"ఎవరో పెట్టినట్టున్నారు," అన్నాను.

నా బల్ల మీద టీపొడి డబ్బా ఉంది, పంచదార సీసా ఉంది, నా పేరు రాసిన కప్పు ఉంది. పెద్దాయన మూడింటినీ వరసగా చూశాడు.

"గా ఎవరో కనవడితే జర చెప్పుండ్రి," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ మాటతో రెండు రోజులు సరిగా తినలేకపోయాను. మూడో రోజు విద్యానగర్ వెళ్ళి, కాలేజీ వదిలేదాకా గేటు దగ్గర నిలబడ్డాను. మేడమ్‌కి అంతా చెప్పాను. కెటిల్ నాదేనని, పెద్దాయన పరీక్ష చేద్దామంటే వద్దన్నానని, ఆమె అడిగింది సగమే విన్నానని. ఆమె చేతిసంచి జిప్పు వేసుకుంది.

"చాయ్ నేను గూడ తాగిన కద సార్," అంది. "రెండు కప్పులు."

నన్ను తిట్టి ఉంటే నాకు ఇంకొంచెం తేలికయ్యేది.

చచ్చిన డిస్క్‌లోంచి సగం పైచిలుకు ఫైళ్ళు బయటపడ్డాయి. మిగతావి మళ్ళీ రికార్డు చేయాలి. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు. అలా ఆరు నెలల ఆదివారాలు తార్నాక నుంచి గోల్నాక వెళ్ళాను. మైకు పట్టుకోవడం నా పని. మొదటి రోజే నా కథ నాకంటే ముందు అక్కడికి చేరిపోయి ఉంది.

"ఈ సారేనా బిడ్డా, బ్యాటరీ సారు?"

"అవు, ఈయన్నే."

"ఏం సారూ, మా మాటలన్ని చాయ్‌ల కలుపుకొని తాగినవంట కద?"

"తాగితే తాగిండు, షక్కర్ ఎక్కువైందా తక్కువైందా అడుగు!"

గడ్డి కోసే ఆడవాళ్ళంతా కొడవళ్ళు పక్కన పెట్టి మరీ నవ్వారు. తర్వాత కూర్చుని, చెప్పిందే మళ్ళీ ఓపిగ్గా చెప్పారు. ఆ మాటలను నేను మొదటిసారి చివరిదాకా విన్నాను. తడిగడ్డికి, నీళ్ళు కారే గడ్డికి, ఆరీ ఆరని గడ్డికి వేరువేరు పేర్లున్నాయి వాళ్ళకు. నాకు బ్యాకప్‌కి రెండు అర్థాలు విడదీయడం చేతకాలేదు.

అందరిలోకీ పెద్దామె మాత్రం ఒప్పుకోలేదు. తల్లి తన నెత్తిన మొదటిసారి మోపు పెట్టి అమ్ముకురమ్మని పంపిన రోజు గురించి ఆమె అంతకుముందు గంటసేపు చెప్పిందట. అది దొరకనివాటిలో ఉంది. మేడమ్ బతిమాలింది, నేనూ బతిమాలాను.

"ఒక్కసారి చెప్పిన కద కొడుకా. మల్ల చెప్తే అది వేరేది అయితది. నేను చెప్పింది నీ తాననే ఉన్నది. మంచిగ దేవులాడు."

నీ తాన అంటే నీ దగ్గర, దేవులాడు అంటే వెతుక్కో అని. మేడమ్ థీసిస్ పూర్తయింది. ఒక మనిషి రికార్డింగు లభ్యం కాలేదని అందులో ఒక వాక్యం రాసింది. కారణం కూడా రాయండి, నా తప్పని రాయండి అన్నాను. రాయలేదు.

ఇప్పుడు నెలకోసారి, అందరికీ ముందే చెప్పి, పట్టపగలు మెయిన్ ఆపుతాం. పెద్దాయన గడియారం చూస్తాడు, నేను రాసుకుంటాను. కెటిల్ వరండాలో గోడ సాకెట్‌కి మారింది. కరెంటు పోతే మాకు టీ లేదు. ఎవరైనా బ్యాకప్ ఉందా అని అడిగితే, "కరెంటుకా, కాపీకా?" అని అడిగి, వాళ్ళు చెప్పేది అయ్యేదాకా ఆగుతున్నాను.

ఆ డిస్క్ నా బల్ల సొరుగులో ఉంది. పాత సామాను పంపేయమని ఉత్తరం వచ్చినప్పుడల్లా జాబితాలో దాన్ని రాయను. డిస్కులు బాగుచేసే ఇంకో ఇద్దరు ముగ్గురికి చూపించాను, పెదవి విరిచారు. మేడమ్ ఇప్పటికీ అప్పుడప్పుడు గోల్నాక వెళ్తుంది. వెళ్ళొచ్చిన మర్నాడు తలుపులోంచి తొంగిచూసి నవ్వుతుంది.

"సార్, అవ్వ అడిగింది. దొరికిందా అని."

"దేవులాడుతున్నానని చెప్పండి మేడమ్."