ఒకటో తారీఖున తాడు ఏ పక్క?

ఈ సంగతి ఎప్పుడో రాయాల్సింది. రాయడం రాక రాయలేదు. చిన్నప్పుడు కేతేపల్లిలో తమ్ముళ్లను చంకనెత్తుకుని బడి గోడ దాకా పోయేదాన్ని, లోపలికి కాదు. పెళ్లయి నల్లగొండకు వచ్చాక మున్సిపాలిటీలో ఊడ్చే పనిలో చేరాను. అక్షరాలు నేర్చుకునేసరికి నలభై ఎనిమిదేళ్లు దాటాయి. ఎందుకు నేర్చుకున్నానో చెప్పాలంటే 2015 వేసవి గురించి చెప్పాలి.

ఆ ఏడాది కూరగాయల మార్కెట్ వెనక వీధికి కొత్త పార్కింగ్ రూల్ పెట్టారు. ఇరుకు వీధి. రెండు పక్కలా బండ్లుంటే నీళ్ల ట్యాంకర్ కూడా దూరదు. అందుకని బేసి తారీఖుల్లో దర్జీ దుకాణం పక్క, సరి తారీఖుల్లో పిండిగిర్నీ పక్క బండ్లు పెట్టుకోవాలి. అక్కడ ఉండేవాళ్లకూ వచ్చిపోయేవాళ్లకూ ఒకటే రూల్. బండ్లు పెట్టకూడని పక్కన పొద్దున్నే 'నో పార్కింగ్' బోర్డులు నిలబెట్టి తాడు కట్టడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. మా మీద అజమాయిషీ చేసే జవాన్ తారీఖులు చదవడం వచ్చా అని అడిగితే వచ్చన్నాను. మోకాళ్ల నొప్పితో రోజంతా ఊడ్వలేకపోతున్న రోజులవి.

ఏప్రిల్ మొదట్లో జవాన్ ఒక్క రోజు దగ్గరుండి కట్టించాడు. ఆ తర్వాత నా లెక్క నాదే. నిన్న ఇటు కడితే ఇవాళ అటు. రెండు నెలలు ఒక్కసారీ తప్పలేదు.

ఆ పొద్దులు ఇప్పటికీ గుర్తొస్తాయి. గిర్నీ తెరవగానే వీధంతా జొన్నపిండి వాసన. దర్జీ సుజాత వాకిలి చల్లుతూ నాకు చాయ్ పంచేది. ఎవరూ క్యాలెండర్ చూసేవాళ్లు కాదు. మేడల మీద నుంచి "అక్కా, గీ పొద్దు ఎటు?" అని అడిగేవాళ్లు. నేను చెయ్యి చూపిస్తే బండ్లు అటు తిరిగేవి. ఇంట్లో కూడా నా మాటకు అంత విలువ ఉండేది కాదు.

జూన్ ఒకటి సోమవారం. మర్నాడు రాష్ట్రావతరణ వేడుకలు కాబట్టి ట్రాఫిక్ ఎస్సై ఆ పొద్దున వీధులన్నీ తిరుగుతున్నాడు. తొమ్మిదిన్నరకు మా వీధికి వచ్చాడు. గిర్నీ పక్క వరుసలో మొదట ఉన్న ఆటోకు వీల్ లాక్ వేయించాడు. అంటే చక్రానికి బిగించే ఇనుప కొండి. దాని తాళం పోలీసుల దగ్గరే ఉంటుంది.

ఆ ఆటో యాదగిరిది. ఆ వీధిలోనే కిరాయికి ఉండేవాడు. భార్య లక్ష్మికి కిడ్నీలు పాడై, సోమవారం, గురువారం దవాఖానలో డయాలసిస్ చేయించేవాడు. పదింటికి అక్కడ లేకపోతే మంచం ఇంకొకరికి ఇస్తారు, మళ్లీ గురువారం దాకా ఆగాలి. అప్పటికే ఆమె కాళ్లు వాచిపోయి ఉన్నాయి. కూర్చోలేదని వెనక పరుపు పరిచి పడుకోబెట్టాడు. ఆమెను పడుకోబెట్టి తీసుకుపోగలిగే ఆటో ఆ వీధిలో అదొక్కటే.

"ఒకటో తారీఖు గదా, ఇటెట్ల పెట్టినవ్?" అన్నాడు ఎస్సై.

"తాడు జూసి పెట్టిన సార్. గీ వీధిల అందరం తాడే జూస్తం."

నా తప్పేమిటో నాకింకా అర్థం కాలేదు. సుజాత నా పక్కకు వచ్చి చెవిలో చెప్పింది. నిన్న ముప్పై ఒకటి, ఇవాళ ఒకటి, రెండూ బేసే. తాడు నిన్నటి పక్కనే ఉండాలి. ముందే చెప్పొద్దా అంటే, "నువ్వు కట్టినంక తప్పెట్లయితదనుకున్న" అంది.

అంతలో జవాన్ ఉరుక్కుంటూ వచ్చాడు. ఎవరో తాగినోళ్లు తాడు మార్చి ఉంటారని ఎస్సైకి చెప్పాడు. ఎస్సై నమ్మాడు. ఎవరు మార్చినా తారీఖు చూసుకోవాల్సింది బండివాళ్లేనని, కాగితాలతో స్టేషన్‌కు రమ్మని యాదగిరికి చెప్పాడు. నేను నోరు మూసుకుంటే నా పని పోదు. ఆటో మాత్రం కదలదు.

"నేనే కట్టిన సారూ. నాకు తారీఖులు సదువరావు. ఆయన తప్పు లేదు, తాళం తియ్యిండ్రి" అన్నాను.

ఎస్సై నన్ను చూశాడు, ఆటోలో లక్ష్మి కాళ్లను చూశాడు. కానిస్టేబుల్‌కు తాళం తీయమని సైగ చేశాడు.

జవాన్ నా మొహం చూడలేదు. "అబద్ధమాడి పని దీస్కున్నవన్నట్టు. రేపు నేనొచ్చి మాట్లాడ్త" అన్నాడు.

ఆటో కదిలే ముందు లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "నాకూ తారీఖులు తెల్వయక్కా. సూదులు పొడిసే దినాలే తెలుసు" అని నవ్వింది. పదికి ఐదు నిమిషాలుండగా దవాఖాన చేరారని మధ్యాహ్నం తెలిసింది.

ఇప్పుడు ఆ వీధిలో తాడు లేదు. తెల్లగీతలు కొట్టారు. కెమెరా ఫొటో తీస్తే జరిమానా ఫోన్‌కే వస్తుంది. ఎటు పెట్టాలని ఎవరూ ఎవరినీ అడగరు. రూల్ కాగితం మీద ఉంటుందనుకుంటారు గానీ, వీధిలోకి వచ్చేసరికి అది ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. ఆ చేతికి తెలియనిది తెలియదని ఒప్పుకోవాలి. మొదటి రోజే చెప్పి ఉంటే సుజాత రోజూ ఒక్క మాట చెప్పేది. సిగ్గుపడ్డది నేను, దాని దెబ్బ లక్ష్మికి తగలబోయింది.

ఆ మర్నాడు, జూన్ రెండున, వీధి లేవకముందే సుజాత తలుపు కొట్టాను. క్యాలెండర్‌లో ఆ రోజు అంకె మీద ఆమెతో వేలు పెట్టించుకుని చాలాసేపు చూశాను. ఆమె బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రెండు అంకె వేశాను. మొదటిది తలకిందులైంది, కొంగుతో తుడిచాను. తర్వాతది పడిపోతున్నట్టుంది, అదీ తుడిచాను. మూడోది నిలబడింది. జవాన్ వచ్చేసరికి తాడు కట్టేసి, ఆ బోర్డు పక్కనే నిలబడి ఉన్నాను.