కెమెరాకు ఇచ్చిన హారతి

1966 ఏప్రిల్‌లో నన్ను అనంతపురం రేడియో వర్క్‌షాపు నుంచి కళ్యాణదుర్గం వ్యవసాయ ప్రదర్శనకు డ్యూటీ మీద పంపారు. అప్పటికి నా పని పంచాయతీ రేడియోల మరమ్మతు. హోదా సూపర్‌వైజరు, ఉద్యోగం మాత్రం టెంపరరీ. ఆర్డరులో 'క్లోజ్డ్ సర్క్యూట్ టెలివిజన్ ప్రదర్శన' అని ఉంది. అంటే గాలిలో ప్రసారం ఉండదు. డేరాలో ఒక మూల కెమెరా, ఇంకో మూల బొమ్మ పెట్టె, మధ్యలో కేబులు. దానికోసం నాకు మూడు రోజుల శిక్షణ ఇచ్చి, మహాపండితుణ్ణి చేసి పంపారు.

సినిమా రీలులో బొమ్మలుంటాయి. టెలివిజన్‌లో బొమ్మంటూ ఎక్కడా ఉండదు. కెమెరా ట్యూబు ముఖానికి వెలుగు సోకితే స్పందించే పూత ఉంటుంది. దాని మీద ఎలక్ట్రాన్ల పుంజం మడక సాళ్ళలాగా ఎడమ నుంచి కుడికి పోతుంది. సాలు చివర ఎద్దులను తిప్పి తోలడం లేదు, ఎత్తి మళ్ళీ ఎడమ గట్టున పెట్టడమే. బొమ్మకు ఆరువందల ఇరవై ఐదు సాళ్ళు, సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు. పెట్టెలోని పుంజం కూడా అదే క్షణాన అదే సాలులో నడవాలి; నడిపించే సంకేతాన్ని సింక్ పల్స్ అంటాం. మన కన్ను నెమ్మది గనుక అదంతా కదిలే మనిషిగా కనిపిస్తుంది. రైతులకు ఇలా చెబితే ఇట్టే అర్థమైంది. నాకు శిక్షణలో అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది.

మా వర్క్‌షాపులో కొత్త యంత్రానికి హారతి ఇవ్వందే స్విచ్ వేయం. యంత్రానికి ముఖం ఏదో చూసి అటే ఇస్తాం. రేడియోకు స్పీకరు ముఖం. కెమెరాకు లెన్సు కాక మరేమిటి? బొమ్మ సరిచూసుకోవడానికి స్విచ్ ముందే వేయాల్సి వచ్చింది గనుక, ప్రారంభం రోజు ఉదయం కెమెరా నడుస్తుండగానే కర్పూరం వెలిగించి లెన్సుకు దగ్గరగా తిప్పాను. పెట్టెలో హారతి కనిపించగానే జనం ఎగబడి కళ్ళకద్దుకున్నారు. అందరికీ అందాలని ఇంకాస్త సేపు, నిదానంగా తిప్పాను. బుద్ధి ఉన్నవాడెవడూ చేయని పని.

పళ్ళెం తీశాక కూడా తెర మీద గుండ్రటి లేత వలయం నిలిచిపోయింది. కెమెరా ముందుకు ఒక రైతు వచ్చి నిలబడితే అది సరిగ్గా అతని తల చుట్టూ అమరింది. అతని భార్య తెర చూసి, "ఏమప్పా, మా ఆయప్పకు ఆ చక్రమేంది? అంత మంచోడేం కాదే!" అంది. డేరా అంతా నవ్వింది. నేను మాత్రం మాన్యువల్ తెరిచాను. ఒకేచోట ఎక్కువ వెలుగు పడితే పూత కాలుతుంది. ట్యూబు విదేశానిది, ఇంకొకటి లేదు. మర్నాడు మధ్యాహ్నం అసిస్టెంట్ ఇంజనీరు తనిఖీకి వస్తాడు. టెంపరరీ వాణ్ణి ఇంటికి పంపడానికి ఒక్క కాగితం చాలు.

మాన్యువల్ చివరి పేజీలో ఒక ఉపాయం దొరికింది. మచ్చ తేలికైనదైతే, ఫోకస్ తప్పించి, సమానమైన వెలుగున్న తెల్లటి తలాన్ని కొన్ని గంటలు చూపిస్తే పోవచ్చునట. డేరాలు వేసే ఖాసింసాబు సున్నం కూడా కొట్టేవాడు. సంగతి చెప్పాను.

"ఒక పూతైతే మరకలు కనపడతాయి సార్. మూడు పడల్ల. ఈ ఎండకు పూతకు గంట చాలు," అంటూ డేరా పక్కన గోదాము గోడకు, నీడ పడే వైపు, ఆ సాయంత్రమే సున్నం కొట్టాడు.

మర్నాడు తెల్లవారినప్పటి నుంచి కెమెరా ఆ గోడనే చూసింది. పెట్టెలో తెలుపు తప్ప మరేం లేదు. అయినా జనం కూర్చున్నారు. ఏమీ కనపడదు, లేవమంటే ఒక ముసలాయన, "మబ్బు మాదిరి ఉండాది. చూడనీయప్పా, మబ్బును చూసి ఎన్నాళ్ళాయ," అన్నాడు. నేనిక లేవమనలేదు.

మధ్యాహ్నానికి వలయం పూర్తిగా పోయింది. గోడనే ముద్దు పెట్టుకుందామన్నంత సంతోషం కలిగింది. లాగ్‌బుక్ తీస్తే ఖాసింసాబు, "మచ్చ పోయినాక ఇంక రాసేదేముంది సార్?" అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అదే అనిపించింది. కానీ రేడియోలు విప్పినప్పుడు ముందువాడు ఏం చేశాడో రాయనందుకు నేను తిట్టని రోజు లేదు. 'నేను లెన్సుకు హారతి ఇచ్చినందున ట్యూబు కాలినది. గోడ చూపగా సరియైనది' అని రాసి సంతకం చేశాను.

ఇంజనీరు వచ్చి, బొమ్మ బాగుందన్నాడు. తరువాత లాగ్ చదివాడు. సంచిలోంచి ఒక ఫైలు తీసి చూపించాడు. అంతకు ముందు వేరే జిల్లాలో ఇదే సెట్టులోని ట్యూబు ఇలాంటి వలయంతోనే తిరిగివచ్చింది. అక్కడి లాగ్‌లో 'కారణం తెలియదు' అని ఉంది. తయారీ లోపమేమోనని ఆయన రెండు నెలలుగా కంపెనీకి ఉత్తరాలు రాస్తున్నాడు. ఆ ట్యూబును అప్పటికే పారేశారు.

నిర్లక్ష్యానికి నాకు మెమో వచ్చింది. మరుసటి ఏడాది ఉద్యోగం పర్మనెంటు అయింది. సెట్టుతో పాటు పంపే సూచనల కాగితంలో 'హారతి ఇచ్చుటకు ముందు లెన్సుకు మూత పెట్టవలెను' అనే వాక్యం చేరింది. తప్పు రాసినవాడికి మెమో వస్తుంది; రాయకపోతే తరువాతివాడికి అదే తప్పు వస్తుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో నాకు ఇంకా ఆరు మెమోలు వచ్చాయి, అన్నీ నేను రాసుకున్నవాటికే.