డైసీ దగ్గు

యతిరాజులు మద్రాసులో ట్రాము నడిపినవాడు. ట్రాములు ఆగిపోయాక చింతాద్రిపేటలో ఒక నూలు గోదాముకు కాపలా మనిషిగా చేరాడు. భార్య ఎప్పుడో పోయింది. కొడుకు సుందరానికి రాయపురం వైపు రేవులో పని. ఓడ వస్తే ఇంటికి వచ్చేవాడు కాదు. ఇక ఇంట్లో ఉండేది కోడలు కోకిల, మనవరాలు వల్లి, డైసీ అనే పొమరేనియన్ కుక్క.

పెరంబూరు రైల్వే గార్డు, ఆంగ్లో ఇండియన్ ఒకాయన, ఇంగ్లండుకు ఓడ ఎక్కుతూ దాన్ని ఇతని చేతిలో పెట్టిపోయాడు. అప్పుడది కొబ్బరిచిప్పలో పట్టేంత పిల్ల. పాలు కాస్త ఆలస్యమైతే వణికి, తూలి పడిపోయేది. యతిరాజులు చిగుళ్లకు బెల్లం నీళ్లు రాసి లేపేవాడు. పెరిగాక ఆ పడిపోవడం మానింది గాని వెనక మోకాలిచిప్ప పక్కకు జారడం మొదలైంది. పరుగు మధ్యలో కాలు ఎత్తేసి మూడు కాళ్ల మీద గెంతేది. ఆ తర్వాత పళ్లు పుచ్చి ఒక్కొక్కటే ఊడాయి. అన్నిటినీ ఇంట్లోనే నెట్టుకొచ్చాడు కాబట్టి దాని ఒళ్లు తనకు తెలుసనే అనుకున్నాడు.

1957 ఎండాకాలంలో దానికి దగ్గు పట్టుకుంది. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు మెడ చాపి దగ్గి, చివర తెల్లటి నురుగు కక్కేది. చేపముల్లు అనుకుని అతను అన్నం ముద్దలు మింగించాడు. తర్వాత మిరియాల కషాయం పోశాడు. దగ్గు ఎక్కువైందే తప్ప తగ్గలేదు.

ఒక ఉదయం ఊపిరాడక రొప్పుతున్న కుక్కను వల్లి గట్టిగా వాటేసుకుంది. డైసీ ఒక్కసారిగా తల తిప్పి కొరికింది. పిల్ల మణికట్టు మీద రక్తం చిమ్మింది.

పక్క వాటాలో ఉండే కుప్పుసామి రోకలి పట్టుకుని వచ్చాడు. అతని తమ్ముడు చిన్నప్పుడు పిచ్చికుక్క కరిచి చనిపోయాడు. పిచ్చిదైతే నీళ్లు ముట్టదని యతిరాజులు గిన్నెలో నీళ్లు పెట్టి, చూడమన్నాడు. డైసీ గబగబా తాగింది.

"తాగితే ఏమి? మా తమ్ముణ్ణి కరిచింది కూడా తాగింది," అన్నాడు కుప్పుసామి.

కోకిల అప్పటికే పిల్ల చెయ్యి సబ్బుతో కడుగుతోంది. ఆమె గొంతు పెంచలేదు.

"మామా, బిడ్డా అదీ ఒకే ఇంట్లో ఉండేది లేదు. ఈడ కొట్టి చంపేస్తారో, ఆడెక్కడన్నా పెట్టుకుంటావో నీ ఇష్టం."

పెద్దాసుపత్రిలో డాక్టరు వెంటనే పిచ్చికుక్క కాటుకు బొడ్డు చుట్టూ వేసే సూదులు మొదలుపెట్టాడు. కుక్కను చంపొద్దని, పది రోజులు కట్టేసి చూడమని, అప్పటికీ అది బాగుంటే సూదులు ఆపవచ్చని చెప్పి పంపాడు. ఆ మాట వల్లనే కుప్పుసామి రోకలి దించాడు.

యతిరాజులు డైసీని మూత ఉన్న బుట్టలో పెట్టుకుని రిక్షాలో వేపేరి పశువుల ఆసుపత్రికి పోయాడు. అక్కడి డాక్టరు చాలాసేపు దాని రొమ్ము మీద గొట్టం ఆనించి విన్నాడు. చిన్న జాతి కుక్కలు పసితనంలో ఆకలికి ఆగలేవని, పెరిగాక మోకాళ్లూ పళ్లూ బాధపెడతాయని, ముసలితనంలో గుండె సడలుతుందని వివరించాడు. ఆ దగ్గు గుండెదేనన్నాడు.

"అంటే పిచ్చి కాదు గదా అయ్యా?"

"గుండె జబ్బు ఉందని చెప్పగలను. పిచ్చి లేదని ఇప్పుడే చెప్పలేను. రెండూ ఉండొచ్చు."

యతిరాజులు యజమానిని బతిమాలి గోదాము వెనక గదిలో దాన్ని కట్టేశాడు. గిన్నెను కర్రతో లోపలికి తోసేవాడు. రోజూ కోకిల పిల్లను ఎత్తుకుని సూదికి పోయి వచ్చేది. బొడ్డు చుట్టూ వాచి, వల్లి ఒంగి నడిచేది. తాతను చూస్తే మొహం తిప్పుకునేది. దగ్గు మొదలైన రోజే దాన్ని ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే ఇంత జరిగేది కాదని అతనికి తెలుసు. ఆ మాట కోకిల అనలేదు. అంటే బాగుండునని అతను ఎదురుచూశాడు.

ఒక మధ్యాహ్నం తలుపు సందులోంచి చూస్తుండగా డైసీ తూలి, పక్కకు ఒరిగి, కాళ్లు బిగుసుకుని పడిపోయింది. అతని చేతిలో తాళంచెవి ఉంది. లోపలికి పోవడానికి ధైర్యం చాలలేదు. ఇక పిచ్చి బయటపడినట్టే అనుకున్నాడు. మనవరాలు గుర్తొచ్చి గడప మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లోపల గోళ్లు నేల మీద గీరుకున్న చప్పుడు. డైసీ లేచి, గిన్నె దగ్గరికి వచ్చి, నిదానంగా నీళ్లు తాగింది. మళ్లీ దగ్గింది.

గడువు దాటింది. కుక్క కళ్లు, నడక, తిండి చూసి వేపేరి డాక్టరు ఆ రోజు పడిపోయింది కూడా గుండె వల్లేనని, ఇక భయం లేదని అన్నాడు. పెద్దాసుపత్రిలో సూదులు ఆపేశారు. కుప్పుసామి గోదాము దాకా వచ్చి, కిటికీలోంచి చూసి, "గుండేనా," అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు.

డైసీని ఇంటికి తెస్తానని యతిరాజులు అడగలేదు. గుండెకు మాత్ర ఇస్తూ గోదాములోనే సాకాడు. ఉప్పు తగలకూడదని డాక్టరు అన్నాడని విని, కోకిల రోజూ చప్పిడి గంజి విడిగా కాచి పంపేది. వానలు పట్టిన రోజుల్లో ఒక తెల్లవారుజామున అది నిద్రలోనే పోయింది. ఆ సంగతి చెబితే కోకిల పొయ్యి మీది గంజి దించి, "సరే మామా, నువ్వు కూర్చో," అని అతనికి పీట వేసింది.