బీరువాలో మార్కుల లిస్టులు

నంద్యాల బస్టాండు దగ్గరి హోటల్లో కౌంటర్ మీద కూర్చోవడం మొదలుపెట్టి నాకు మూడేళ్లయింది. బిల్లులు కొట్టడం కాక నాకింకో పని ఉంది. పనిలో చేరడానికి వచ్చే పిల్లల దగ్గర పదో తరగతి ఒరిజినల్ మార్కుల లిస్టు తీసుకోవాలి. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన పేరూ ఊరూ రాసి, వెనక గదిలోని ఇనప బీరువాలో దాచాలి. తాళంచెవి నా డ్రాయర్లో ఉంటుంది.

ఈ పద్ధతి మా ఓనరుది. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వాళ్లు వస్తారు. మూడు ప్లేట్లు ఒక చేత్తో మోయడం నేర్చుకుంటారు. ఒక సోమవారం రారు. ఫోన్ చేస్తే స్విచాఫ్. బెంగళూరు పోయారని తర్వాత ఎవరో చెబుతారు. అందుకని ఈ కాగితాలు.

"కాగితం మన కాడుంటే యాడికి పోతారు పాపా? అమ్మ చెప్పినా ఇనరు గానీ దీని మాట ఇంటారు," అనేవాడు.

చెడ్డవాడు కాదు. ఎవరికైనా జ్వరమొస్తే తన బండి మీదే ఆసుపత్రికి తీసుకుపోతాడు. శుక్రవారం గల్లాపెట్టెతో పాటు ఆ బీరువాకు కూడా పసుపూ కుంకుమా పెట్టి సాంబ్రాణి పొగ వేస్తాడు.

నేనెప్పుడూ ఏమీ అనలేదు. నాకు నలుగురిలో మాట్లాడడం రాదు. రద్దీ లేనప్పుడు కౌంటర్ కింద లైబ్రరీ పుస్తకం పెట్టుకుని చదువుకుంటాను. "పాప నోట్లో పిండి పోసి మూత పెట్టినారప్పా, ఇంకా పులియల్యా," అని దోసె మాస్టరు అందరికీ వినపడేలా అంటాడు. నేను నవ్వుతాను.

నిరుడు ఉయ్యాలవాడ నుంచి ఒక అమ్మాయి చేరింది. ఇంటర్ అయిపోయింది. కొన్ని నెలలు మా దగ్గర చేసి, తర్వాత ఆళ్లగడ్డ బ్రాంచికి మారింది. అహోబిలం పోయే బండ్లు అక్కడ టిఫినుకు ఆగుతాయి, ఎంతమంది ఉన్నా చాలరు. అక్కడున్నప్పుడే ఆమెకు నంద్యాలలో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి చేరమన్నారు. ఇంటర్‌ది ఇంట్లో ఉంది. పదో తరగతిది మా బీరువాలో ఉంది.

ముందురోజు, ఆదివారం పొద్దున పదింటికి, ఆమె ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా కౌంటర్ దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా మార్కుల లిస్టు ఇయ్యి. రేపు తొమ్మిదికి కాలేజీలో ఉండాల."

"అన్నను అడిగినావా?"

"ఫోన్ ఎత్తల్యా. నాలుగుసార్లు చేసినా."

ఓనరు బండిఆత్మకూరు అనే ఊళ్లో పెళ్లికి పోయాడు. నేను చేసినా ఎత్తలేదు.

"అన్న రానీ," అన్నాను.

"తాళంచెవి నీ కాడనే కదా ఉండేది?"

"నా కాడనే."

ఆమె నా డ్రాయర్ వైపు చూసింది. తర్వాత పోయి చేతులు కడుక్కునే చోట ఉన్న కుర్చీలో కూర్చుంది.

"ఏందిమ్మే, ఆళ్లగడ్డలో కూర్చోను కుర్చీల్యావా, ఈడికొచ్చినావ్?" అని దోసె మాస్టరు ఒక ప్లేటు ఉగ్గాని పంపించాడు. ఆమె తినలేదు. మధ్యాహ్నం జనం పెరిగాక తనే లేచి టేబుళ్లు తుడిచింది, నీళ్లు పోసింది. ఎవరూ చెప్పలేదు.

ఆ పూట నేనేం ఆలోచించానో రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఏమీ ఆలోచించలేదు. భయపడ్డానని రాసుకుంటే కొంచెం బాగుంటుంది. కానీ భయం కూడా గుర్తు లేదు. బిల్లులు కొట్టాను. ఆనాటి డైరీలో "సాంబారు రెండింటికే అయిపోయింది" అని ఒక్క వాక్యం ఉంది.

నాలుగింటికి ఓనరు పెళ్లి బట్టలతోనే వచ్చాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"సీటొచ్చిందా? శానా మంచిదమ్మా. ఈ శనివారం స్వాతి నక్షత్రం, అహోబిలానికి జనం ఇరగబడతారు. అది ఒక్కటి దాటించు. కాలేజీకి నేనే తోడుకపోతా."

"రేపే లాస్టన్నా."

"వాళ్లు అట్లనే అంటార్లే. జెరాక్స్ చూపిచ్చి, ఒరిజినల్ వారంలో తెస్తానని చెప్పు. ఎవురైనా ఒప్పుకుంటారు." నా వైపు తిరిగి, "పాపా, జెరాక్స్ తీపిచ్చి ఇయ్యి," అన్నాడు.

అప్పుడు బీరువా తీశాను. జెరాక్స్ షాపు మా పక్క సందులోనే. లిస్టు నా చేతిలో ఉంది, ఆమె నా పక్కనే నడుస్తోంది. ఇద్దరమే. ఆమె అడగలేదు. రెండు కాపీలు ఆమెకిచ్చి, ఒరిజినల్ వెనక్కి తెచ్చి కవరులో పెట్టి తాళం వేశాను.

సోమవారం కాలేజీలో ఒప్పుకోలేదు. సాయంత్రానికి ఆ సీటు తర్వాతి వాళ్లకిచ్చారు. బుధవారం ఆమె ఆళ్లగడ్డలో మళ్లీ పనిలోకి వచ్చిందని ఫోన్ వచ్చింది. హాజరు పుస్తకంలో రాసుకున్నాను.

ఓనరు నిజంగానే బాధపడ్డాడు. కొన్ని వారాల తర్వాత వేరే హోటల్ ఆయన ఒకరు వచ్చి, ఈ కాలం పిల్లలు నిలబడడం లేదని మొత్తుకుంటే, మావాడు టీ ఇప్పించి అన్నాడు: "మా కాడ ఒక పిల్ల ఉండాది. నర్సింగ్ సీటొచ్చినా పోల్యా. మనం చూసుకునే దాన్ని బట్టి ఉంటాదప్పా." అబద్ధమాడుతున్న ముఖం కాదు. నమ్మి చెబుతున్నాడు.

ఆ తర్వాత నా సెలవు రోజున బీరువాలోంచి ఆమె మార్కుల లిస్టున్న కవరు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఆళ్లగడ్డ పోయాను. ఆమె టేబుల్ తుడుస్తోంది. కవరు ఇవ్వబోయాను. తడి చేతులు చున్నీకి తుడుచుకుంది కానీ అందుకోలేదు.

"ఇప్పుడు దీన్నేం చేసుకోమంటావక్కా?"

"వచ్చే ఏడు మళ్లీ..."

"మా ఇల్లు వానకు కారుతాది. ఆ బీరువాలోనే ఉండనీ." కుర్చీ లాగింది. "పొద్దున్నే బయల్దేరినట్లుండావ్. కూర్చో, టిఫిన్ తెస్తా."

ఎర్రకారం దోసె తెచ్చి పెట్టింది. అంతా తిన్నాను. కవరు సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను.